ఓటు వేశాకే పెళ్ళి

ఆల్డర్ క్రీక్, న్యూజెర్సీ
1803, ఎనిమిదో నెల, 29వ తేదీ

తమ్ముడు ఈనోక్‌కి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు. నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

ఇప్పుడు లేచి, కాసిని నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చో. పెళ్ళికొడుకు కేలబ్ ష్రీవ్. వాగు అవతల బండి చక్రాలు చేస్తాడే, అతనే. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. నోట్లోంచి మాట రావాలంటే పటకారు పెట్టి లాగాలి. పోయిన నెల మన బండి చక్రం బాగుచేసి తెచ్చి, బిగించి, చేతులు తుడుచుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. "టేసీ, ఈ చక్రం ఇంకో పదేళ్ళు వస్తుంది. నేనూ అంతే వస్తాననుకుంటా" అన్నాడు. అతను అడుగుతున్నది ఏమిటో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు నేనే వాగు దాటి వెళ్ళి సరేనన్నాను.

వచ్చే నెల 5న మన సమాజం ప్రార్థన మీటింగులో ఇద్దరం లేచి, ఫలానా వాళ్ళం పెళ్ళి చేసుకోదలిచామని అందరి ముందూ చెప్పుకుంటాం. ఆ తర్వాత ఇద్దరు పెద్దావిడలు మా ఇంటికొచ్చి, నేను ఇంకెవరికైనా మాటిచ్చి ఉన్నానేమో విచారిస్తారట. యాభై ఒకటో ఏట! ఎవరికైనా ఇచ్చి ఉంటే బాగుండునని సరదాగా కూడా ఉంది. పదో నెల 3న రెండోసారి చెప్పుకున్నాక, అదే వారం, 6వ తేదీన పెళ్ళి. నువ్వు రావాలి.

బ్యూలా మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల, తల్లి పెళ్ళంటే ఎలా ఉంటుంది మరి. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, "నా గది నాకే ఉంటుందా?" అంది. ఉంటుందన్నాను. అప్పటి నుంచి మామూలుగానే ఉంది.

ఒక మాట. ఉత్తరాలు ఇంకా హార్కర్ సత్రంలోనే దిగుతున్నాయి. మడత పైన రాసిన పేరు అతను బిగ్గరగా చదివి, తాగే వాళ్ళందరికీ చూపించి, అప్పుడు గోడ మీది అరలో పెడతాడు. పైన హాస్యాలేం రాయకు. పోయినసారి నువ్వు రాసిన "మహారాణీ టేసీకి" నన్ను ఏడాది పాటు వెంటాడింది.

నీ అక్క,
టేసీ బోర్టన్


ఫిలడెల్ఫియా
తొమ్మిదో నెల, 4వ తేదీ

అక్కా,

కూర్చునే చదివాను, అయినా పడ్డాను. బైండింగు షాపులో కుర్చీ కాలు ముందే వదులుగా ఉంది. మా కుర్రాళ్ళందరికీ ఇది నీ పెళ్ళి కబురు వల్లే అని చెప్పాను.

కేలబ్ మంచివాడు. చిన్నప్పుడు నా తెప్ప మునిగితే ఈది వచ్చి బయటికి లాగాడు. లాగి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. ఇంట్లో నీ మాటలకి అతని మౌనం సరిపోతుంది. నాకు సంతోషంగా ఉంది అక్కా. బావ పోయాక ఆ పొలాన్నీ ఆ పిల్లనీ ఒక్క చేత్తో నెట్టుకొచ్చావు. ఇంకో చెయ్యి తోడైతే ఎవరు కాదంటారు?

ఇక ఇక్కడి కబుర్లు. ప్రెసిడెంటు ఫ్రెంచివాళ్ళ దగ్గర కొన్న పడమటి దేశంలో ఉప్పు కొండ ఉందట! పొడవు ఏకంగా నూట ఎనభై మైళ్ళట. మేం ఒక కరపత్రానికి అట్ట కడుతూ చదివాం. సగం ఊరు నమ్ముతోంది, సగం ఊరు పడీపడీ నవ్వుతోంది. నేను పొద్దున నమ్ముతున్నాను, సాయంత్రం నవ్వుతున్నాను.

ఇంకో పుకారు నీకు పనికొచ్చేది. బానిసలకి ఇకమీదట పుట్టే పిల్లలు స్వతంత్రులు కావాలనే చట్టం మీ ట్రెంటన్ శాసనసభలోకి మళ్ళీ వస్తుందట. ఈసారి ఒకటి రెండు ఓట్ల తేడాతో తేలుతుందని అంటున్నారు. మీ జిల్లా నుంచి ఎడ్గర్టన్ నిలబడ్డాడు, ఆ చట్టం పక్షాన. ఎన్నిక పదో నెల 11, 12 తేదీల్లో. వెళ్ళు అక్కా. బావ పోయిన దగ్గర్నుంచీ వెళుతున్నావుగా, ఆరేళ్ళుగా. ఇంటి యజమానురాలికి ఓటున్న రాష్ట్రం ఈ దేశంలో మీదొక్కటే. మా షాపులో ఎవరికి చెప్పినా నమ్మరు. మా అక్క ఓటేస్తుందయ్యా అంటే, దీన్నీ ఉప్పు కొండ లెక్కలో వేసి నవ్వుతారు. నేను మాత్రం రొమ్ము విరుచుకుని మళ్ళీ మళ్ళీ చెబుతాను.

రేవు పక్క వీధుల్లో జ్వరం మొదలైందని అంటున్నారు. పెళ్ళికి రాగలనో లేదో.

నీ తమ్ముడు,
ఈనోక్


ఆల్డర్ క్రీక్
తొమ్మిదో నెల, 12వ తేదీ

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుని, పొయ్యి దగ్గర కూలబడ్డాను.

ఎన్నిక 11న. పెళ్ళి 6న. ఇద్దరం తెలివైన వాళ్ళమే, ఇద్దరికీ తట్టలేదు. భర్త లేనిదానికి ఓటుంది, పెళ్ళాం అయినదానికి లేదు. 6న పొద్దున నాకు పొలం ఉంటుంది, తోట ఉంటుంది, మాట ఉంటుంది. మధ్యాహ్నానికి అవన్నీ కేలబ్‌వి అవుతాయి. కేలబ్ మంచివాడే. అయినా ఆ ఓటు అతను నా కోసం వేసినా, అది నేను వేసినట్టు కాదు.

నీకు ఫీబీ తెలుసుగా, హార్కర్ సత్రంలో వంట చేసే ఆవిడ. హార్కర్ తండ్రి కొన్న మనిషి. ఆవిడకి మళ్ళీ నెల తప్పింది. ఇంతకు ముందు పుట్టిన ఇద్దరినీ హార్కర్ దక్షిణాదికి అమ్మేశాడు. మొన్న బావి దగ్గర, "ఆ చట్టం ఎప్పుడొస్తుంది టేసీ?" అని అడిగింది. ఈ ఏడు రావచ్చన్నాను. "రావచ్చు అని పోయినేడు కూడా అన్నావు" అంది.

కాబట్టి ఈనోక్, నేను వెళ్ళి తీరతాను. కేలబ్‌కి చెప్పడానికి మాత్రం భయపడ్డాను. మనవాళ్ళలో ఒకసారి మీటింగులో నిలబడి చెప్పుకున్నాక తేదీ జరపడమంటే మాటలు కాదు. ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. అతని పరువు పోతుంది, నాది కాదు. వెళ్ళేసరికి చక్రం ఆకు చెక్కుతున్నాడు. అంతా చెప్పాను. చెక్కుతూనే ఉన్నాడు. ఆ ఆకు పూర్తిచేసి, వేలితో నున్నదనం చూసి, "వారమేగా" అన్నాడు. అంతే! నేను ముందే అనుకుని వెళ్ళిన సమాధానాలన్నీ దండగైపోయాయి.

అంటే పెళ్ళి 13న. గుర్తుపెట్టుకో, 13.

విచారణకొచ్చిన ఇద్దరు పెద్దావిడలకీ కారణం చెప్పాను. ఒకావిడ పెదవి విరిచింది. రెండో ఆవిడ నా చెయ్యి నొక్కి, "నేనూ భర్త పోయినదాన్నే, నాకూ పొలం ఉంది, ఆ సత్రంలో అడుగు పెట్టాలంటే భయం" అంది. నాతో రమ్మన్నాను.

ఈ ఉత్తరం మార్కెట్ పడవలో పంపుతున్నాను, పోస్టు కన్నా ముందు చేరుతుందని. ఉప్పు కొండ సంగతి అలా ఉంచి, నాకు ఒక చిన్న పీపా ఉప్పు పంపించు. పందుల్ని కోసే రోజులొస్తున్నాయి.

నీ అక్క,
టేసీ


ఫిలడెల్ఫియా
తొమ్మిదో నెల, 25వ తేదీ

అక్కా,

ఇరవై రోజులు! ఒక్క ముక్క లేదు. జ్వరం భయంతో మీ ఒడ్డు వాళ్ళు పడవల్ని నది మధ్యలో ఆపేశారు, సరే. పోస్టు నడుస్తోందిగా?

నువ్వు రాయకపోయినా కబురు నడిచొచ్చింది. మీ వైపు నుంచి వెన్న అమ్ముకునే మనిషి చెప్పింది, టేసీ బోర్టన్ పెళ్ళి ఆగిందట అని. ఎందుకాగింది అంటే, "పెళ్ళికొడుకుది ఏమో బాబూ, మాటే మాట్లాడడట కదా" అంది. నా రక్తం ఉడికిపోయింది. మీటింగులో అందరి ముందూ నిలబెట్టి వెనక్కి పోతాడా? మా అక్కనా? ఆ తెప్ప మీద నన్ను వదిలేసినా బాగుండేది.

నువ్వు సిగ్గుపడి రాయడం లేదని అర్థమైంది. సిగ్గు పడాల్సింది నువ్వు కాదు. కేలబ్‌కే సూటిగా ఒక ఉత్తరం పడేశాను. మన సమాజంలో కోపంగా మాట్లాడకూడదని నాకు తెలుసు. కోపంగా మాట్లాడలేదు, రాశాను.

నీ కోసం ఉన్న తమ్ముడు,
ఈనోక్


ఆల్డర్ క్రీక్
పదో నెల, 1వ తేదీ

తమ్ముడూ,

నిన్ను ఏమనాలి? నా ఉత్తరం అందీ ఇలా చేశావా, అందకుండానే చేశావా? అందే ఉంటుందిలే ఇప్పటికి. పడవలు రెండు రోజుల క్రితం వదిలారని విన్నాను.

కేలబ్ నీ ఉత్తరం తీసుకుని వాగు దాటి వచ్చాడు. టోపీ తియ్యకుండా గుమ్మంలో నిలబడి అందించాడు. చదివి నాకు తల కొట్టేసినట్టయింది. "మాట తప్పిన మ్రానుబొమ్మా" అంటావా? మళ్ళీ కింద "నీ పాత స్నేహితుడు" అని సంతకమా? అతను మాత్రం, "చేతిరాత బాగుంది" అన్నాడు. నిజంగా అంతే అన్నాడు. బ్యూలా లోపల నవ్వు ఆపుకోలేక పిండి గిన్నె కింద పడేసింది.

కేలబ్ నీకు జవాబు రాశానన్నాడు. కాబట్టి నేను మళ్ళీ మొదట్నుంచి రాయక్కర్లేదు. అతను రాయడమే వింత, దాచుకో.

ఇక్కడ ఎన్నికల గోల ముదిరింది. ఎడ్గర్టన్ గెలిస్తే పొలాల మీద పన్ను మూడింతలు అవుతుందని హార్కర్ పుకారు పుట్టించాడు. ఎడ్గర్టన్ మనుషులు ఊరుకుంటారా? హార్కర్ పక్షం గెలిస్తే అందరికీ ఫ్రెంచి నేర్పుతారని వీళ్ళు పుట్టించారు. నేను రెంటినీ నమ్మడం లేదు. కానీ మా పక్కింటాయన పిల్లలకి ఫ్రెంచి అక్షరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

ఉప్పు పీపా ఇంకా రాలేదు.

నీ అక్క,
టేసీ


[పైన రాసింది: టేసీ ష్రీవ్ గారికి, ఆల్డర్ క్రీక్, హార్కర్ సత్రం]

ఫిలడెల్ఫియా
పదో నెల, 7వ తేదీ

నా అక్క టేసీ ష్రీవ్‌కి,

చూశావా, కొత్త పేరుతో మొదట రాసింది నేనే!

నువ్వేదో ఉత్తరం అందే ఉంటుందన్నావు, ఏదీ రాలేదు. కేలబ్ జవాబు మాత్రం వచ్చింది. మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తాను, ఎక్కువ చోటు పట్టదు: "ఈనోక్, ఉత్తరం అందింది. మనసు మార్చుకోలేదు. పెళ్ళి జరుగుతుంది. కేలబ్." చదివి సిగ్గుతో చచ్చాను. వెన్న మనిషి మాట పట్టుకుని ఆ పెద్దమనిషిని అన్ని మాటలన్నాను. నా తరఫున క్షమాపణ చెప్పు. అతను ఏమీ అనడు, అదే నాకు శిక్ష.

నిన్న నీ పెళ్ళి జరిగే ఉంటుంది. షాపు యజమాని వదలక రాలేకపోయాను. ఏ గౌను వేసుకున్నావో, ఎవరెవరు వచ్చారో, కేలబ్ తన ప్రతిజ్ఞ ఎన్ని ముక్కల్లో ముగించాడో అన్నీ రాయి.

ఒక్కటే బాధ. నిన్న రాత్రి పడుకోబోతూ తేదీలు చూసుకున్నాను. నీ ఓటు పోయింది కదక్కా! వెళ్ళమని చెప్పిన నేనే ఆ సంగతి గమనించలేదు. నువ్వు గమనించే ఉంటావు, నన్ను నొప్పించడం ఇష్టం లేక ఊరుకున్నావు. హార్కర్ పండగ చేసుకుంటాడు. ఆ ఎన్నికల అధికారి మేజర్ క్రిప్స్ కూడా. యుద్ధంలో ఒక్క తుపాకీ పేల్చకుండా, వంట బండి వెనక నడిచి మేజర్ అయిన మహానుభావుడు కదా! పోయినేడు నువ్వు ఓటు చీటీ ఇస్తే ముక్కు పొడుం పీల్చి నీ మీద తుమ్మాడన్నావు. ఆ ముక్కుకి ఈ ఏడు నీ ఓటు వాసన తగలదు. నాకు అదే కడుపుమంట.

నీ తమ్ముడు,
ఈనోక్


ఆల్డర్ క్రీక్
పదో నెల, 12వ తేదీ

ఈనోక్,

నీ 7వ తేదీ ఉత్తరం విన్నాను. చదవలేదు, విన్నాను. నేనే కాదు, ఊరు మొత్తం వింది. ఎలాగంటావా, చెబుతాను, కుర్చీ కాలు చూసుకుని కూర్చో.

నిన్న పొద్దుట్నుంచీ వాన. కేలబ్, బ్యూలా, నేను, నాతో వస్తానన్న నలుగురు ఆడవాళ్ళు బురదలో సత్రానికి వెళ్ళాం. వసారా నిండా మగవాళ్ళు, గుప్పుమని సారా. లోపల పొడుగుబల్ల వెనక మేజర్ క్రిప్స్, పక్కన పెట్టె, పుస్తకంలో పేర్లు రాసుకునే గుమాస్తా. నేను చీటీ చాపానో లేదో హార్కర్ అడ్డం వచ్చాడు.

"ఆగండాగండి మేజర్ గారూ! ఈవిడ టేసీ బోర్టన్ కాదండీ. ష్రీవ్ పెళ్ళాం. సొంత తమ్ముడే రాశాడు, కళ్ళారా చూడండి!"

అంటూ గోడ మీది అరలోంచి నీ ఉత్తరం తీసి పైకెత్తాడు. టేసీ ష్రీవ్! నీ బారెడు అక్షరాలతో! పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడట. ఆ క్షణంలో నువ్వు దగ్గరుంటే ఏం చేసేదాన్నో రాయను, మన సమాజానికి నచ్చదు.

మేజర్ కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమమ్మా, పెళ్ళయినదానివి ఓటుకి ఎలా వచ్చావు?" అన్నాడు.

"నాకు పెళ్ళి కాలేదు. పెళ్ళి ఎల్లుండి" అన్నాను.

"మరి మీ తమ్ముడు?"

"మా తమ్ముడు తొందరపాటు మనిషి. నువ్వే విప్పి చదువు మేజర్, తెలుస్తుంది."

నేను 'నువ్వు' అనేసరికి అతని మొహం ఎర్రబడింది. ముప్పై ఏళ్ళుగా మనవాళ్ళ మధ్య బతుకుతున్నాడు, మనం రాజునైనా నువ్వనే అంటామని తెలుసు, ప్రతిసారీ కొత్తగానే ఎర్రబడతాడు.

"పరాయివాళ్ళ ఉత్తరం నేను విప్పకూడదు" అన్నాడు.

"రాసింది నాకు. విప్పమంటున్నది నేను. గట్టిగా చదువు, వసారాలో వాళ్ళకీ వినబడాలి."

చదివాడు. 'కొత్త పేరుతో మొదట రాసింది నేనే' దగ్గర హార్కర్ నవ్వాడు. 'నిన్న నీ పెళ్ళి జరిగే ఉంటుంది, రాలేకపోయాను' దగ్గర నవ్వు ఆగింది. "అదుగో, ఉంటుంది అన్నాడు. వాడు చూడలేదు, ఊహించాడు" అన్నాను. అక్కడితో ఆపేస్తాడనుకున్నాను. కానీ మేజర్ పట్టుదల మనిషి కదా, మొదలుపెట్టింది ముగించాలి. వంట బండి దాకా చదివేశాడు ఈనోక్. తుమ్ము దాకా చదివాడు. గది గదంతా నేల చూపులు చూస్తోంది. ముందు వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ బల్లలు గుద్దుతూ నవ్వారు. మేజర్ ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టాడు. చెవులు కమిలిపోయాయి పాపం. నాకు జాలేసింది, నిజంగా.

అప్పుడు బైబిలు నా వైపు తోశాడు. "పెళ్ళి కాలేదని దీని మీద ప్రమాణం చెయ్యి."

"ప్రమాణం చెయ్యను. చేస్తే, మిగతా రోజుల్లో అబద్ధాలాడతానని ఒప్పుకున్నట్టే. మాట చెబుతాను, రాసుకో. మావాళ్ళ మాటని చట్టం ఒప్పుకుంటుందని నీకూ తెలుసు."

హార్కర్ ఊరుకోలేదు. కేలబ్ వైపు తిరిగి, "ఏమయ్యా ష్రీవ్, నువ్వు చెప్పు. నీ పెళ్ళామా, కాదా?" అన్నాడు.

అతను మాట్లాడతాడా అని చూద్దామని అందరూ మెడలు చాచారు. కేలబ్ టోపీ తియ్యలేదు. టోపీ అంచు నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"ఎల్లుండి అవుతుంది. ఇవాళ కాదు" అన్నాడు. మళ్ళీ తనే, "పోయిన వారమే కావాల్సింది. ఈ చీటీ కోసం ఆగమంది, ఆగాను. ఒక వారం ఊరంతా నన్ను చూసి నవ్వింది. పరవాలేదు. ఆమె ఇక్కడికి వచ్చిందంటే నాకు గొప్పగా ఉంది. చీటీ తీసుకో మేజర్" అన్నాడు.

అతను నాకు తెలిసిన ముప్పై ఏళ్ళలో అంత పొడుగు మాట నేను వినలేదు. నా కళ్ళు నిండిపోయాయి. చీటీ ఎటు చాపానో కూడా తెలియలేదు. మేజర్ తీసుకుని పెట్టెలో వేశాడు. గుమాస్తా "టేసీ బోర్టన్" అని రాశాడు. తలకిందులుగానే చదివి, సరిగా రాశాడని చూసుకుని పక్కకి తప్పుకున్నాను. నా వెనక నలుగురూ ఒక్కొక్కరే వేశారు. నా చెయ్యి నొక్కిన ఆవిడ కూడా వేసింది. ఇవాళ రెండో రోజున మరో ఆరుగురు వచ్చారట, నిన్నటి కథ విని.

బయటికొస్తుంటే వంటగది గుమ్మంలో ఫీబీ నిలబడి ఉంది. "పెట్టెలో పడిందా?" అంది. పడిందన్నాను. "ఒక్క కాగితం ముక్కకి ఎంత గోల!" అని, పొట్ట మీద చెయ్యేసుకుని, లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ గోల చాలా చిన్నదే.

పెళ్ళి రేపు. నువ్వు అందుకోలేవు. నీ మీద కోపం లేదు, ఉండాల్సినంత.

నీ అక్క,
ఇంకా టేసీ బోర్టనే


ఫిలడెల్ఫియా
పదో నెల, 17వ తేదీ

అక్కా,

ఇవాళ పొద్దున నీ ఉత్తరాలు రెండు వచ్చాయి. ఒకటి పన్నెండో తేదీది. ఇంకోటి పోయిన నెల పన్నెండుది! పడవలోంచి దింపి, జ్వరం పోవాలని వెనిగర్‌లో ముంచారట, సగం అక్షరాలు అలుక్కుపోయాయి. "గుర్తుపెట్టుకో, 13" మాత్రం శుభ్రంగా ఉంది. అది చూసి తల గోడకేసి కొట్టుకున్నాను.

కొత్తది మా షాపులో బల్ల ఎక్కి చదివాను. తుమ్ము దగ్గర మా యజమాని జిగురు గిన్నె తన్నేశాడు. కేలబ్ మాటల దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. చదవడం నేనే ఆపాల్సొచ్చింది. అందరి ముందూ, "ఈవిడ మా అక్క. మేజర్ ముందు, హార్కర్ ముందు నిలబడింది మా అక్క" అన్నాను. ఈసారి ఎవరూ ఉప్పు కొండ అనలేదు.

ఇప్పుడు నేను నీకొకటి చెప్పాలి. షాపులో చెప్పలేదు. ఈ ఊళ్ళోనూ ఎన్నిక అదే రోజు, 11న. నాకు ఓటుంది. పెళ్ళి ఆపుకోనక్కర్లేదు, ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు, రెండు వీధులు నడిస్తే చాలు. నేను వెళ్ళలేదక్కా. వాన పడుతోందని ఇంట్లో కూర్చున్నాను.

ఈనోక్


ఆల్డర్ క్రీక్
పదో నెల, 23వ తేదీ

తమ్ముడూ,

వాన ఇక్కడా పడింది. అంతకన్నా నిన్ను ఏమీ అనను. ఆ మాట దాచుకోకుండా రాశావు, అది చాలు. వచ్చే ఏడు వెళ్ళు.

పెళ్ళి బాగా జరిగింది. పాత బూడిదరంగు గౌనే. కేలబ్ ప్రతిజ్ఞ చక్కగా, ఒక్క ముక్కా మింగకుండా చెప్పాడు. పెళ్ళి పత్రం మీద వచ్చినవాళ్ళంతా సంతకాలు పెట్టారు. పెదవి విరిచిన ఆవిడ కూడా పెట్టింది. నీ కోసం అడుగున కాస్త చోటు వదిలాను, వచ్చినప్పుడు పెట్టు. ఎడ్గర్టన్ నెగ్గాడు. చట్టం సంగతి చలికాలంలో తేలుతుంది. ఫీబీకి ఈసారి 'రావచ్చు' అనలేదు, సభ కూర్చునే తేదీ చెప్పాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పెళ్ళి రోజు పొద్దున్నే, నేనింకా నేనుగా ఉండగానే, ఒక పని చేశాను. యాపిల్ తోట, దాని పక్క గడ్డి మైదానం బ్యూలా పేర రాశాను. నా చేతి రాత, నా సంతకం. ఓటుకి కావలసినంత ఆస్తి అది, కాస్త ఎక్కువే. సంతకం పెట్టే ముందు కేలబ్‌కి చూపించాను, అది అతనికి దక్కాల్సిన ఆస్తి కదా. మొత్తం చదివి, సాక్షి సంతకానికి కలం అడిగాడు. తర్వాత బ్యూలాతో, "యాపిల్స్ మాకూ పెడతావా?" అన్నాడు. "అడిగితే పెడతా" అంది. వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరింది.

దస్తావేజు బ్యూలా చేతికిచ్చాను. దాన్ని గదిలోకి తీసుకెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, "అమ్మా, మేజర్ నన్ను కూడా ప్రమాణం చెయ్యమంటాడా?" అని అడిగింది. అంటాడన్నాను. "నేనూ మాటే చెబుతాను" అంది.

నాకు ఇక ఓటు లేదు ఈనోక్. పొద్దున గుర్తొస్తే కొంచెం వెలితిగా ఉంటుంది. కానీ వచ్చే పదో నెలలో బ్యూలా ఆ సత్రంలోకి నడిచి వెళుతుంది. దాని చీటీ పెట్టెలో పడేదాకా నేను బయట గుర్రం పట్టుకుని నిలబడతాను.

నీ అక్క,
టేసీ ష్రీవ్